సర్వగ్రహ నివాసయోగ్యతా తీర్మానం

సౌరకుటుంబంలోని గ్రహాలన్నీ మానవ నివాసానికి సమానంగా అనుకూలమేనని అమెరికాలోని మహా షామ్‌బర్గ్ తెలుగు కళా సమాఖ్య కార్యవర్గం మొన్న వసంతకాలంలో ఏకగ్రీవంగా తీర్మానించింది. ఈ విషయం శాస్త్రజ్ఞుల దృష్టికి ఇంకా వెళ్ళినట్టు లేదు. వాళ్ళు ఇప్పటికీ టెలిస్కోపులు ముందేసుకుని, ఎక్కడ గాలి ఉంది, ఎక్కడ నీరుంది అని వెతుకుతూ ప్రజాధనం తగలేస్తున్నారు. లైబ్రరీ వాళ్ళు ఉచితంగా ఇచ్చే మీటింగ్ రూములో, రెండు ట్రేల సమోసాలతో, ఒక్క సాయంత్రంలో తేలిపోయిన సంగతి ఇది. కబురు పెడితే మన వాళ్ళే వెళ్ళి చెప్పి వచ్చేవారు.

మహా షామ్‌బర్గ్ తెలుగు కళా సమాఖ్యను షామ్‌బర్గ్ మహా తెలుగు కళా సమాఖ్యతో పొరబడకూడదు. రెండోది అసలుది. మొదటిది దాన్నుంచి తీవ్రమైన సిద్ధాంత విభేదాల వల్ల విడిపోయింది. జ్యోతి ప్రజ్వలనకు వేదిక మీదికి ఎవర్ని ముందు పిలవాలన్నది ఆ సిద్ధాంతం. విడిపోయాక రెండు సమాఖ్యలూ ఎంతో అభివృద్ధి సాధించాయి. ఇప్పుడు రెండు చోట్లా రెండేసి దీపాలు వెలిగిస్తున్నారు.

ఇంతటి చారిత్రక తీర్మానానికి మూలపురుషుడు చక్రపాణి. పగలు ఒక బీమా కంపెనీలో డేటాబేసులు చూసుకుంటాడు. మిగతా సమయమంతా సమాఖ్య సాంస్కృతిక కార్యదర్శిగా తెలుగు సంస్కృతిని చూసుకుంటాడు. మనిషి చాలా మంచివాడు. ఎవరేం చెప్పినా "నిజమేనండీ" అంటాడు. ఎదుటివాడు దానికి పూర్తి విరుద్ధంగా చెప్పినా అంతే మనస్ఫూర్తిగా "నిజమేనండీ" అంటాడు. ఇలాంటి మనిషి అధ్యక్షుడు కాకపోతే ఇంకెవరవుతారని అతనికే అనిపించింది. వార్షికోత్సవం అయిన వెంటనే, అదే హాల్లో, భోజనాలకు ముందు అధ్యక్ష ఎన్నిక జరగాలని సమాఖ్య నియమావళి చెబుతోంది. ఆకలి మీదున్న జనం ఎక్కువ ప్రశ్నలు వేయరని దాన్ని రాసిన పెద్దలకు తెలుసు.

చక్రపాణికి ఒక్కతే కూతురు, ఆద్య. పదమూడేళ్ళు. సమాఖ్య కార్యక్రమాలంటే ఆ పిల్ల కారు దిగేది కాదు. పార్కింగ్ లాట్‌లో, వెనక సీట్లో, ఫోన్ పట్టుకుని కూర్చునేది. తల్లి గిరిజ బతిమాలితే భోజనానికి వచ్చి, అంకుళ్ళూ ఆంటీలూ "తెలుగు వచ్చా అమ్మా?" అని ఇంగ్లీషులో అడిగిన ప్రశ్నలకు ఇంగ్లీషులో జవాబు చెప్పి, మళ్ళీ కారులోకి వెళ్ళిపోయేది. అలాంటిది ఫిబ్రవరిలో ఒక రోజు స్కూలు నుంచి వచ్చి, బ్యాక్‌ప్యాక్ కూడా దించకుండా ఒక కాగితం వంటింటి గట్టు మీద పెట్టింది.

"నాన్నా, స్కూల్లో ప్లానెట్స్ యూనిట్ అయింది. నేను దాన్ని స్కిట్ లాగా రాశాను. తెలుగులో. యాన్యువల్ డేకి చేయొచ్చా?"

శనివారాలు ఒక గంట తెలుగు క్లాసుకి వెళ్ళి నేర్చుకున్న తెలుగు అది. ఒక్కొక్క గ్రహం వేదిక మీదికి వచ్చి మూడు సంగతులు చెబుతుంది. తన మీద నిలబడితే మన బరువు ఎంత ఉంటుందో, తన గాలి ఎలాంటిదో, అక్కడ మనం బతకగలమో లేదో. బుధుడు, శుక్రుడు, కుజుడు, అందరూ వచ్చి కుదరదని చెప్పి పక్కకు నిలబడతారు. చివరికి భూమి వస్తుంది. భూమి ఆద్య. ఆ మాటలు ఆ పిల్ల చూడకుండా చెప్పింది.

"నేను భూమి. నా మీద మీరు ఎగిరిపోరు, నలిగిపోరు. నేను కరెక్ట్‌గా పట్టుకుంటాను. నా దగ్గర గాలి ఉంది, నీళ్ళు ఉంది. వేరే ఇళ్ళు అన్నీ చూశాం. ఎక్కడా లేదు. అందుకే నన్ను పాడు చేయొద్దు, ప్లీజ్."

"నీళ్ళు ఉన్నాయి అనాలమ్మా," అన్నాడు చక్రపాణి, కళ్ళు చెమరుస్తుండగా. గిరిజ అతనికేసి ఉరిమి చూసింది. పిల్ల పైకి వెళ్ళాక మెల్లగా అంది. "ఇన్నేళ్ళకి తనంతట తను అడిగిందండీ. మీ కమిటీ వాళ్ళ చేతుల్లో పెట్టి దీన్ని పాడుచేయకండి."

"నిజమే," అన్నాడు చక్రపాణి. ఆ రాత్రి అతనికి నిజంగానే సంతోషంతో నిద్రపట్టలేదు. మర్నాడు పొద్దున్నే దాన్ని కమిటీ వాళ్ళ చేతుల్లో పెట్టాడు.

కమిటీ ఎంతో మెచ్చుకుంది. సైన్సు ఉంది, తెలుగు ఉంది, పిల్లలు ఉన్నారు, పిల్లలున్నారు కాబట్టి వీడియో తీసే తల్లిదండ్రులు ఉన్నారు. పాత్రల పంపకం కోసం వాట్సాప్ గ్రూపులో ప్రకటన పెట్టిన అరగంటలో అసలు చిక్కు తెలిసొచ్చింది. మన వాళ్ళకు గ్రహం అంటే ఆకాశంలో తిరిగేది కాదు, జాతకంలో కూర్చునేది. గురుగ్రహం వేషం కావాలని ఏడుగురు తల్లులు రాశారు. శుక్రుడికి ముగ్గురు. శని దగ్గరికి వచ్చేసరికి గ్రూపు మొత్తం మూగబోయింది. కృత్రిమ మేధకు పాఠాలు చెప్పి సాయంత్రం ఇంటికొచ్చే ఒక తండ్రి, తన కొడుక్కి అసలే ఏలినాటి శని నడుస్తోందనీ, పైగా ఇప్పుడు వేషం కూడా వేయించమంటే మనసొప్పడం లేదనీ విడిగా మెసేజ్ పెట్టాడు. అంగారకుడి పాత్ర ఇవ్వజూపితే రెండో తరగతి పిల్ల తల్లి కన్నీళ్ళు పెట్టుకుంది. రేపు పెళ్ళి సంబంధాలప్పుడు ఎవరో ఆ వీడియో బయటికి తీసి కుజదోషం అంటే ఎవరిది జవాబుదారీ అని ఆమె ప్రశ్న. ఏడేళ్ళ పిల్ల భవిష్యత్తు మీద అంత ముందుచూపు ఉన్న తల్లిని చూసి కమిటీ ముచ్చటపడింది.

శని గండం గట్టెక్కించిన ఘనత కూడా చక్రపాణిదే. సమాఖ్యలో సుందర్ రాజ్ కుటుంబం ఉంది. అమలాపురం వైపు వాళ్ళు, ఆదివారం తెలుగు చర్చి మానరు. వాళ్ళబ్బాయి జూడ్‌కి శని ఇస్తే దోషం అంటదు కదా అని అతనికి మెరుపులా తోచింది. సుందర్ రాజ్ పెద్దగా నవ్వి ఒప్పుకున్నాడు.

"మాకు శనీ లేదు, బుధుడూ లేడు బ్రదర్. మావాడికి రింగులుంటే చాలు. రింగులు మాత్రం పెద్దవి ఉండాలి."

సమాఖ్యలో వెల్లివిరుస్తున్న సర్వమత సామరస్యానికి ఇది నిదర్శనమని ఆ రాత్రే ఫేస్‌బుక్‌లో పెట్టారు. పొద్దున్నే సుందర్ రాజ్ భార్య ప్రిస్సిల్లా ఫోన్ చేసింది. "అన్నయ్యా, మాకు ఇలాంటివి నమ్మకం లేదు. ప్రభువు ఉండగా మాకేం భయం? కానీ జూడ్‌కి వచ్చే వారం పళ్ళకి బ్రేసెస్ వేస్తున్నారు. మా అత్తయ్య గారు కూడా వద్దంటున్నారు. ఇలాంటి టైంలో ఎందుకు చెప్పండి?" కమిటీ మళ్ళీ కూర్చుని, శని అన్న పేరు స్క్రిప్టులో ఎక్కడా రాకుండా 'వలయాల గ్రహం' అని మార్చింది. పేరు మారిస్తే దోషం పోతుందన్న విషయంలో రెండు మతాలకూ పూర్తి ఏకాభిప్రాయం కుదిరింది.

మొదటి రిహార్సల్ రవికుమార్ గారి బేస్‌మెంట్‌లో జరిగింది. ఆయన కొడుకు ఈషాన్‌కి చివరికి అంగారకుడి పాత్ర దక్కింది. రాకెట్లు వెళ్ళబోయే చోటు, స్కోప్ ఉన్న గ్రహం అని రవికుమార్ ముందుచూపుతో తీసుకున్నాడు. ఈషాన్ మధ్యకు వచ్చి, అమెరికన్ యాసలో, ముద్దుముద్దుగా చదివాడు. "నా గ్రావిటీ భూమిలో ముప్పై ఎనిమిది శాతం. నా గాలి వన్ పర్సెంట్ కూడా లేదు."

రవికుమార్ చేతిలో టీ ఒలికిపోయింది.

"థర్టీ ఎయిటా? ఏంటండీ ఇది చక్రపాణి గారూ! మా వాడికి పుట్టి బుద్ధెరిగాక నైంటీ సెవెన్ తగ్గలేదు. అంతమంది ముందు వాడి నోటితో వాడే ఫెయిల్ అని చెప్పించాలా?"

అవి మార్కులు కావనీ, నిజమైన కొలతలనీ ఆద్య చెప్పబోయింది. ఆ పిల్ల తెలుగులో వాక్యం కూర్చుకునేలోపు బేస్‌మెంట్‌లో ఉన్న తల్లిదండ్రులందరూ తమ పిల్లల చేతుల్లోంచి కాగితాలు లాక్కుని మార్కులు చూసుకోవడం మొదలుపెట్టారు. బుధుడికీ ముప్పై ఎనిమిదే. శుక్రుడికి తొంభై ఒకటి, అంటే ఏ మైనస్. గురుడికి రెండు వందల యాభై మూడని తెలిసి ఆ పిల్లాడి తండ్రి వినయంగా తల వంచుకుంటే, ఇది ఎక్కడి అన్యాయమని మిగతావాళ్ళు నిలదీశారు. భూమికి అన్నింట్లోనూ సరిగ్గా నూటికి నూరు ఉన్నాయని కనిపెట్టింది మాత్రం జయంతి.

జయంతి సమాఖ్య సంయుక్త కార్యదర్శి. శుక్రుడు వేస్తున్న రియాకు తల్లి. అధ్యక్ష పదవికి చక్రపాణికి పోటీ. ఆ రోజుకి ఆమె చిరునవ్వు నవ్వి, కాగితాన్ని ఫోన్‌తో ఒక ఫొటో తీసుకుంది.

పిల్లల మనోభావాలు దెబ్బతినకుండా చూడటానికి 'గురుత్వాకర్షణ సవరణ ఉపసంఘం' వేశారు. అందులో ఇద్దరు ఇంజనీర్లు, ఒక ఆర్థోపెడిక్ డాక్టరు. వాళ్ళు గ్రేస్ మార్కుల పద్ధతి మీద ఎంతో శాస్త్రీయంగా పనిచేసి, అంగారకుడి ఆకర్షణ శక్తిని తొంభై ఆరుకి పెంచారు. బుధుడికీ అంతే ఇచ్చారు. గురుడికి నూటికి మించినవి కోసేశారు. ఆ పిల్లాడి తండ్రి ఎక్స్‌ట్రా క్రెడిట్ కింద ఉంచమని వాదించాడు గానీ మెజారిటీ ముందు నిలవలేకపోయాడు. న్యూటన్ సూత్రాన్ని ఓటింగుకి పెట్టి సవరించిన మొదటి సంస్థ బహుశా మనదే.

తర్వాత వాతావరణాల పని పట్టారు. శుక్రుడి మీద సీసం కరిగేంత వేడి, యాసిడ్ మబ్బులు, మనిషిని అప్పడంలా నొక్కేసే గాలి ఉంటాయని ఆద్య రాసింది. ఆడపిల్ల నోట యాసిడ్ మాట ఏమిటని జయంతి నొచ్చుకుంది. దాన్ని 'ఏడాది పొడవునా వెచ్చని వాతావరణం' అని మార్చారు. ఇల్లినాయిస్‌లో జనవరి గడిపిన వాళ్ళెవరూ దీనికి అభ్యంతరం చెప్పలేదు. బుధుడి మీద గాలే లేదు. అది 'ప్రశాంత వాతావరణం' అయింది. అంగారకుడి పలచటి గాలి 'కాలుష్యం లేని గాలి' అయింది. నెప్ట్యూన్ మీద ఊపిరాడనివ్వని పెనుతుఫాన్లు 'ధారాళమైన వెంటిలేషన్' అయ్యాయి. గురుగ్రహం మీద కాలు పెట్టడానికి నేలే ఉండదు. దాన్ని 'ఓపెన్ ఫ్లోర్ ప్లాన్' అన్నారు. వలయాల గ్రహం చుట్టూ కాంపౌండ్ వాల్ లాంటిది ఉంది కాబట్టి అది గేటెడ్ కమ్యూనిటీ అయిపోయింది. కార్యవర్గంలో ముగ్గురికి రియల్ ఎస్టేట్ లైసెన్స్ ఉండటం ఈ దశలో ఎంతగానో కలిసొచ్చింది.

ఇంతలో సమాఖ్య పూర్వాధ్యక్షులు గారు ప్లూటోని వదిలేశారేమని లేచారు. ప్లూటోని గ్రహాల్లోంచి తీసేశారు కదండీ అని ఎవరో అనబోతే, పదవి పోయినంత మాత్రాన మర్యాద పోతుందా అని ఆయన గద్గద స్వరంతో అడిగారు. ఆ పాత్ర ఆయనే వేస్తానన్నారు. శాలువా కూడా ఆయనే తెచ్చుకుంటానన్నారు.

ఇక మిగిలింది అసలు ప్రశ్న, ఏది నివాసయోగ్యం? ఒకరికి అవునని, ఇంకొకరికి కాదని చెబితే పసి మనసులు గాయపడతాయి కాబట్టి అన్నీ నివాసయోగ్యమేనని తీర్మానం పెట్టారు. చేతులన్నీ లేచాయి. అప్పుడు జయంతి ఫోన్ తీసి, అద్దాలు సవరించుకుని నిలబడింది.

"అందరికీ సమానంగా ఇచ్చినప్పుడు, భూమి ఒక్కటే వచ్చి 'వేరే ఎక్కడా లేదు' అనడం మిగతా పిల్లల్ని అవమానించడం కాదా అండీ? నేను పర్సనల్‌గా అనట్లేదు. కానీ అన్నింట్లోనూ నూటికి నూరు వచ్చిన గ్రహం కల్చరల్ సెక్రటరీ గారి అమ్మాయికే ఎలా వెళ్ళింది? ట్రాన్స్‌పరెన్సీ ఉండాలి కదా? రేపు ఇంకా పెద్ద పదవుల్లోకి వెళ్ళాలనుకునేవాళ్ళు..."

ఆమె వాక్యం పూర్తి చేయలేదు. అవసరం కూడా లేదు. రూములో అందరి చూపులూ చక్రపాణి మీద వాలాయి. అతను వెంటనే భూమిని ఇంకెవరికైనా ఇస్తానన్నాడు. ఎవరూ ముందుకు రాలేదు. పంచాంగంలో లేని గ్రహం, దశ లేదు, మహాదశ లేదు, వేస్తే ఏం కలిసొస్తుందని వాళ్ళ సందేహం. స్క్రిప్టు రాసింది తన కూతురేనని, ఆ పిల్ల దాన్ని నోటికి నేర్చుకుందని, ఇంట్లో గిరిజ నీలం లంగా మీదికి ఆకుపచ్చ ఓణీ కుట్టి పెట్టిందని చెప్పడానికి నోరు తెరిచాడు. వరుసగా ఉన్న ముఖాల్లో ఓట్లు కనిపించాయి. అప్పుడతను సమాఖ్య చరిత్రలో నిలిచిపోయే ప్రసంగం చేశాడు.

"మిత్రులారా! భూమి మనకు తల్లి. ఆ తల్లి ఎక్కడుంది? మన పాదాల కింద ఉంది. ఆ వేదిక కిందా ఆమే ఉంది. అలాంటి తల్లిని మిగతా గ్రహాలతో సమానంగా వేషం కట్టించి, మైకు ముందు నిలబెట్టి మార్కులు చెప్పించడం మన సంస్కృతేనా? భూమాతను వేదిక మీదికి తేవడం కాదు, ఆమె మీద వేదిక కట్టడమే ఆమెకు మనమిచ్చే గౌరవం! అందుచేత భూమి పాత్రను నేనే స్వయంగా, స్వచ్ఛందంగా, సగౌరవంగా తొలగిస్తున్నాను."

చప్పట్లు ఆగలేదు. పూర్వాధ్యక్షులు గారు అతన్ని కౌగిలించుకున్నారు. జయంతి కూడా చప్పట్లు కొట్టింది, కొంచెం నెమ్మదిగా.

ఇంట్లో మాత్రం ఆ ప్రసంగం అంతగా పండలేదు. ఆద్య భోజనాల బల్ల దగ్గర మార్చిన స్క్రిప్టు మొత్తం చదివింది. తెలుగు చదవడం ఆ పిల్లకు ఆలస్యం కాబట్టి చక్రపాణి చాలాసేపు నిలబడాల్సి వచ్చింది.

"నాన్నా, వీనస్ మీద మనం చచ్చిపోతాం కదా?"

"అది డ్రామా అమ్మా. సరదాకి."

"ఓకే. కానీ క్వశ్చన్ ఏంటి, ఎక్కడ ఉండొచ్చు అని కదా. నేను లేకపోతే ఆన్సర్ ఏది మరి?"

"అన్నీ ఆన్సర్లేనమ్మా. ఎవరూ బాధపడకూడదని."

"నేను బాధపడితే?" అంది ఆద్య. పెద్దయ్యాక అర్థమవుతుందనీ, నాన్న ప్రెసిడెంట్ అయితే వచ్చే ఏడాది ఏ పాత్ర కావాలంటే అది ఇస్తాడనీ చెప్పాడు చక్రపాణి. ఎన్నికల ముందు ఇచ్చిన హామీలన్నిటిలోకీ అతను మనస్ఫూర్తిగా ఇచ్చింది అదొక్కటే. గిరిజ గిన్నెలు సింకులో కాస్త గట్టిగానే పడేసింది.

వార్షికోత్సవం ఏప్రిల్‌లో, అద్దెకు తీసుకున్న హైస్కూలు ఆడిటోరియంలో, ప్రకటించిన సమయానికి గంటన్నర ఆలస్యంగా, అంటే సకాలంలోనే మొదలైంది. బయట చీరల స్టాళ్ళు, ఇన్సూరెన్స్ స్టాళ్ళు. లోపల జ్యోతి ప్రజ్వలన, రెండు దీపాలు, పదకొండు మంది. ముఖ్య అతిథి ఒక అమెరికన్ దంతవైద్యుడు. సమాఖ్య పిల్లలు సగం మందికి బ్రేసెస్ వేసిన సేవకు గుర్తింపుగా పిలిచారు. ఆద్య ఈసారి కారులో ఉండిపోలేదు. తల్లి పక్కన, మూడో వరుసలో, పొడవాటి కోటు మెడదాకా గుండీలు పెట్టుకుని కూర్చుంది. హాల్లో హీటర్ ఉన్నా కోటు విప్పలేదు. లోపల నీలం లంగా, ఆకుపచ్చ ఓణీ ఉన్నాయి. నాన్న చివరి నిమిషంలో పిలుస్తాడేమోనని ఆ పిచ్చిపిల్ల ఆశ. గిరిజకు తెలుసు. చక్రపాణికీ తెలుసు, కారులో కూర్చునేటప్పుడు కోటు కింద పచ్చటి అంచు చూసి చూపు తిప్పుకున్నాడు.

గ్రహాలు వచ్చాయి. తగరపు రేకుల్లో, బెలూన్లలో, దీపాల తోరణాల్లో మెరుస్తూ ఒకరి తర్వాత ఒకరు తమ మీద బతకడం ఎంత హాయో చెప్పాయి. రియా తన వెచ్చని వాతావరణం గురించి చెబితే జనం ఈలలు వేశారు. జూడ్ రింగులు తలుపులో పట్టక పక్కకు తిప్పి తేవాల్సి వచ్చింది. ఈషాన్ "నైంటీ సిక్స్ పర్సెంట్" అని అరిచాడు. రవికుమార్ కళ్ళు తుడుచుకున్నాడు. చివర్లో పూర్వాధ్యక్షులు గారు శాలువాతో ప్రవేశించి, "నన్ను గ్రహం కాదన్నారు! అయినా నేను తిరగడం మానలేదు!" అంటూ మైకు వదలకుండా సమాఖ్య చరిత్ర మొత్తం వినిపించారు. చక్రపాణి వచ్చి, అన్ని గ్రహాలూ నివాసయోగ్యమేనని తేల్చి, ముఖ్య అతిథిని రెండు మాటలు మాట్లాడమన్నాడు.

దంతవైద్యుడికి తెలుగు ఒక్క ముక్క రాదు. పాపం, గ్రహాలను వేషాల్ని బట్టి లెక్కపెట్టుకున్నట్టున్నాడు. పిల్లల్ని మెచ్చుకుని, వరుసను మళ్ళీ ఒకసారి చూసి, అమాయకంగా ఇంగ్లీషులో అడిగాడు: అంతా బ్రహ్మాండంగా ఉంది, మరి భూమి ఏది?

మూడో వరుసలో ఆద్య సగం లేచింది. చేయి కోటు పై గుండీ మీదికి వెళ్ళింది. గుండీ విప్పింది. కళ్ళు తండ్రి మీదే ఉన్నాయి. మైకు చక్రపాణి చేతిలో ఉంది. "రా అమ్మా" అన్న రెండు మాటలు చాలు. అతనికి ఆ క్షణంలో నిజంగానే పిలవాలనిపించింది. వేదిక పక్కన జయంతి ఫోన్ పైకెత్తి వీడియో తీస్తోంది. ఎన్నిక ఇంకో అరగంటలో ఉంది.

"సర్, ఎర్త్ ఈజ్ ఇన్ అవర్ హార్ట్స్!" అన్నాడు చక్రపాణి, గుండె మీద చేయి వేసుకుని.

ఆడిటోరియం దద్దరిల్లింది. దంతవైద్యుడు కూడా గుండె మీద చేయి వేసుకున్నాడు. ఆద్య కూర్చుంది. గుండీ మళ్ళీ పెట్టుకుంది.

ఎన్నిక ప్రశాంతంగా జరిగింది. పోటీ వస్తే సమాఖ్య మళ్ళీ చీలుతుందనీ, కొత్త పేరుకి మాటలు కూడా మిగల్లేదనీ పెద్దలు ఆందోళన చెందడంతో చక్రపాణిని అధ్యక్షుడిగా, జయంతిని కార్యనిర్వాహక అధ్యక్షురాలిగా ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. ఇద్దరికీ ఒకే సైజు దండలు వేశారు.

ఇంటికి వెళ్ళేటప్పుడు దండ చక్రపాణి ఒళ్ళోనే ఉంది. కారు గిరిజ నడుపుతోంది. అతను వెనక్కి తిరిగి, "ఎలా ఉందమ్మా ప్రోగ్రాం?" అని అడిగాడు.

"ఇట్ వాజ్ నైస్, డాడ్. కంగ్రాట్స్."

ఆ పిల్ల అతన్ని డాడ్ అనడం అదే మొదలు. మాటలో కోపం లేదు. కోపం ఉంటే బాగుండునని అతనికి అనిపించింది. కోపం నాన్న మీద వస్తుంది కదా, డాడ్ మీద ఎందుకు వస్తుంది. అతనికి సిగ్గు వేసింది, ఏడుపు వచ్చింది, రెండూ మింగి దండలో రాలిన రేకులు ఏరుకుంటూ కూర్చున్నాడు. తర్వాతి శనివారం నుంచి ఆద్యకు వాలీబాల్ ప్రాక్టీసు పడింది. తెలుగు క్లాసు కూడా అదే టైముకి. లంగా ఓణీ గిరిజ మడిచి అలమరలో పెట్టేసింది.

అధ్యక్షులిద్దరూ బాధ్యతలు స్వీకరించాక జరిగిన తొలి సమావేశంలో అత్యవసర అంశంగా ఒక ప్రశ్నను చేపట్టారు. రెండో తరం పిల్లలు తెలుగుకు ఎందుకు దూరమవుతున్నారు? ఎంత పిలిచినా కారు దిగరెందుకు? అధ్యక్షోపన్యాసంలో చక్రపాణి ఆవేదనతో కదిలిపోయాడు. మాతృభాషకు ఆకర్షణ శక్తి తగ్గలేదనీ, తప్పు పిల్లలది కాదు, ఇక్కడి వాతావరణానిదనీ అన్నాడు. ఎప్పటిలాగే అందరూ నిజమే అన్నారు. శుక్రుడి మీద కూడా సుఖంగా బతకొచ్చని తేల్చిన ఆ సభే, షామ్‌బర్గ్‌లో తెలుగు బతకడం మాత్రం కష్టమని అంతే ఏకగ్రీవంగా తేల్చింది.

కారణాలు కనుక్కోవడానికి శాశ్వత కమిటీ వేశారు. అది నెలనెలా కలుస్తుంది; సమోసాలు, టీ ఉంటాయి. ఇది చదివి మనసు చివుక్కుమన్న వారెవరైనా అందులో చేరవచ్చు. షామ్‌బర్గ్ దాకా రానక్కర్లేదు, మీ ఊళ్ళోనూ ఈపాటికి ఒక శాఖ ఉండే ఉంటుంది, బహుశా మీరు అందులో ఉండే ఉంటారు. పిల్లల్ని మాత్రం తీసుకురానక్కర్లేదు.